చార్మినార్ నీడలో లక్కగాజులు

మన గోదావరి జిల్లాలలో ఒకప్పుడు గాజుల సాయిబు యెరుగని వీధి లేదు. భుజాన గాజుల మలారం వేసుకుని, ఎండనక వాననక ఊరూరా తిరిగి, కులమతాల ఊసు లేకుండా ప్రతి యింటి అరుగు మీదా కూర్చుని, ఆడపిల్లల చేతులకు నొప్పి తెలియకుండా గాజులు తొడిగిన మనిషి ఆయన. సీమంతానికి ఆయన కావాలి, పెళ్లికి ఆయన కావాలి, సంక్రాంతికీ రంజానుకూ కూడా ఆయనే రావాలి. అయితే ఆ మలారంలోని గాజు యెక్కడ పుట్టింది, దానిని యెవరు చేశారు అని మాత్రం మనం అడిగిన పాపాన పోలేదు. మట్టిగాజులకు పేరుబడ్డ ఊరు ఉత్తరాదిన ఫిరోజాబాదు. లక్కగాజుల మాట కొస్తే మాత్రం మన తెలుగునాట హైదరాబాదు పేరే ముందుగా చెప్పుకోవాలి. పెళ్లి బట్టలకు పట్నం వెళ్లినవారు చార్మినార్ దగ్గర ఒక జత లక్కగాజులు కొనకుండా తిరిగి రావడం అరుదు. ఆ గాజుల చరిత్రనూ, వాటిని చేసిన చేతుల చరిత్రనూ నాకు తెలిసినంతలో పాఠకుల ముందుంచుతాను.

రామచంద్రపురంలో వెలువడే సంచికలో హైదరాబాదు గాజుల గోల యెందుకని యెవరైనా అనవచ్చును. మన ప్రాంతానికీ, ఆ చార్మినార్ కట్టిన వంశానికీ సంబంధం లేకపోలేదు. రాజమహేంద్రవరంలో 1324 నాటి పారశీక శాసనం వున్న మసీదు నేటికీ వున్నది. అది తుగ్లకుల కాలం నాటి మాట. ఆ తరువాత 1571-72 ప్రాంతంలో గోలకొండ కుతుబ్‌షాహీ సేనలు రాజమహేంద్రవరాన్ని పట్టుకున్నాయి. అప్పటి నుంచి 1687లో ఔరంగజేబు గోలకొండను జయించే వరకూ, అనగా నూరేళ్లకు పైగా, మన డెల్టా గోలకొండ యేలుబడిలోనే వున్నది. గోలకొండకు సముద్రపు వాకిలి మచిలీపట్నం. పారశీకం నుంచి వచ్చే ఓడలు అక్కడ ఆగేవి. మచిలీపట్నం కలంకారీ గుడ్డల మీద తీగెలు, మెహ్రాబు కమానులు వచ్చి చేరింది ఆ రాకపోకల వల్లనే. కాబట్టి ఒక నమూనా కట్టడం మీద నుంచి గుడ్డ మీదికీ, గుడ్డ మీద నుంచి నగ మీదికీ ప్రయాణం చేయడం మన వైపు వారికి కొత్త సంగతేమీ కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. గోలకొండ కోటలో జనం పెరిగి యిరుకైనందున మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో, హిజ్రీ లెక్కలో సరిగ్గా వెయ్యో సంవత్సరంలో, మూసీనదికి దక్షిణాన కొత్త నగరం నిర్మించాడు. ఆ నగరానికి నడిబొడ్డు చార్మినార్. నాలుగు వైపులా నాలుగు పెద్ద కమానులు, నాలుగు మూలలా సుమారు 160 అడుగుల యెత్తుగల నాలుగు మీనార్లు, పై అంతస్తున పడమటి వైపు ఒక చిన్న మసీదు. ఆ నాలుగు కమానుల నుంచి నాలుగు బాటలు నాలుగు దిక్కులకు పోతాయి. పడమటి బాటే లాడ్ బజారు. చూడీ బజారు అని కూడా అంటారు. చార్మినార్ దగ్గర మొదలై మహబూబ్ చౌక్ దాకా పోతుంది. ఆ చౌకులో 1892లో కట్టిన గడియార స్తంభం వున్నది. లాడ్ అన్న మాటకు లక్క అని కొందరు, ముద్దు అని కొందరు అర్థం చెబుతారు. ఆ వీధిలో ఓ సాయంత్రం నడిస్తే రెండర్థాలూ సరిపోతాయనే అనిపిస్తుంది. దీపాల వెలుగులో రాళ్లు పొదిగిన గాజులు మెరుస్తూ వుంటే, కొనే తల్లి బేరమాడుతూ వుంటుంది, కూతురు చెయ్యి చాపి నిలబడి వుంటుంది.

మనం చార్మినార్‌ను దూరం నుంచి చూసి ఫోటో తీయించుకుని వచ్చేస్తాం. దగ్గరకు పోయి తల యెత్తి చూడాలి. లోపలి కట్టుబడి గట్టి రాయి, సున్నము. కాని కంటికి కనిపించే సొగసంతా పైనున్న గచ్చుపనిదే. పూలూ, తీగెలూ, ఆకులూ, మీనార్ల చుట్టూ వరుసకట్టిన చిన్నచిన్న కమానులూ, అన్నీ మెత్తని గచ్చు మీద చేత్తో తీర్చినవే. గానుగలో నూరిన సున్నం, దానిలో కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు వంటివి కలిపి తయారుచేసే గచ్చు సంగతి మన గోదావరి వాళ్లకు వివరించి చెప్పనక్కర లేదు. గవ్వల సున్నంతో కట్టిన మండువా లోగిళ్లు మన ఊళ్లలో యింకా అక్కడక్కడా నిలిచి వున్నాయి. ఈ గచ్చుకు ఒక గుణం వున్నది. తడిగా వున్నంతసేపే మన మాట వింటుంది. ఆరిందా, యిక యెవరి మాటా వినదు. కాబట్టి పనివాడు ఆ కాస్త వ్యవధిలోనే పువ్వునూ రేకునూ తీర్చుకోవాలి. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. లక్క దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ దీని అవసరం పడుతుంది.

కుతుబ్‌షాహీ కట్టడాలలో మరొక విశేషం గుమ్మటం. గోలకొండ దగ్గరి సమాధులలో చూడండి, కార్వాన్‌లో మూసాఖాన్ 1671లో కట్టించిన టోలీ మసీదు మీనార్లు చూడండి, గుమ్మటం ఊరికే గోడ మీద కూర్చోదు. దాని మొదట తామరరేకులు విచ్చుకుని వుంటాయి. ఆ రేకుల్లోంచి గుమ్మటం మొగ్గలా పైకి లేస్తుంది. దీనినే తలక్రిందులు చేసి, అంచున ముత్యాలు వ్రేలాడదీసి చూడండి. మన ఆడవారు చెవులకు పెట్టుకునే బుట్ట జుంకీ యిదే కాదూ? బుట్టలు కుతుబ్‌షాహీల కంటే చాలా పాతవి. దేవాలయ శిల్పాలలో వాటి ముత్తవ్వలు వున్నాయి. కాబట్టి గుమ్మటం చూసి జుంకీ చేశారనడం తప్పు. తామరరేకు గుడి నుంచి మసీదుకు వచ్చింది. గుమ్మటపు గుండ్రదనం మసీదు నుంచి నగకు వెళ్లి వుండవచ్చును. ఇరుగుపొరుగుల మధ్య గిన్నెలూ గరిటెలూ మారినట్టే ఈ నమూనాలూ మారాయి. హైదరాబాదు నగలలో చాంద్‌బాలీ మాత్రం చెప్పకనే చెబుతుంది. నెలవంక ఆకారపు కమ్మ, దాని కడుపులో ముత్యాలు, అంచున రాళ్లు. కమానును గుండ్రంగా వంచినట్లే వుంటుంది.

మసీదులలో ప్రాణుల బొమ్మలు వుండవు. అది అందరికీ తెలిసిందే. బొమ్మ వేయరాదన్న నియమం వల్ల కళాకారుని చెయ్యి కట్టివేసినట్లయిందని కొందరు అనుకుంటారు. జరిగింది దానికి వ్యతిరేకం. ఆ చెయ్యి తీగెల మీదకు, అక్షరాల మీదకు, లెక్క మీదకు మళ్లింది. చతురస్రపు గది మీద గుండ్రని గుమ్మటం నిలబెట్టాలంటే నాలుగు మూలలను యెనిమిది చేయాలి, యెనిమిదిని పదహారు చేయాలి. అప్పుడు గాని గుండ్రం కుదరదు. ఆ వలయం చుట్టూ కమానులు వేస్తూ పోతే ఆఖరి కమాను మొదటి కమానుతో వచ్చి కలవాలి. అంగుళం మిగిలినా తప్పే, తగ్గినా తప్పే. ఇదంతా కొలత బద్ద, తాడు, అనుభవం ఈ మూడింటితో చేసిన పని. సంతోష్‌నగర్ దగ్గరి పైగా ప్రభువుల సమాధులలో గచ్చుతోనూ పాలరాతితోనూ చేసిన జాలీలను చూచినవారికి నా మాట యెక్కువ చేసి చెప్పినట్లు అనిపించదు.

గాజు కూడా ఒక వలయమే. దాని చుట్టూ రాళ్లు పొదిగే ఆమెకు కూడా ఆఖరి రాయి మొదటి రాయి పక్కన సరిగ్గా వచ్చి కూర్చోవాలి. మధ్యలో సందు మిగిలితే ఆ గాజు జతలోకి పనికిరాదు. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు యెనిమిది అని గాజుల సైజులు అడుగుతాం గదా, అవి అంగుళాన్ని పదహారు భాగాలు చేసిన లెక్క. రెండు నాలుగు అంటే గాజు లోపలి వెడల్పు రెండంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. గుమ్మటానికీ పదహారే, గాజుకూ పదహారే! ఇది కేవలం యాదృచ్ఛికమే అనుకోండి, అయినా ముచ్చటగా వుంది కనుక చెప్పాను.

లక్క అంటే మన వారికి లక్క యింటి కథ, ఏటికొప్పాక లక్కబొమ్మలు, పోస్టాఫీసులో పార్సెల్ మీద వేసే సీలు గుర్తుకు వస్తాయి. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద వేలాదిగా చేరే చిన్న పురుగు తన చుట్టూ కట్టుకునే బంక అది. ఝార్ఖండ్ అడవులలో విస్తారంగా దొరుకుతుంది. అక్కడ రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థను 1924లోనే నెలకొల్పారంటే దాని విలువ యెంతటిదో ఊహించుకోవచ్చును. అడవిలో కొమ్మల మీద నుంచి గోకి, కడిగి, కరిగించి, వడపోసిన లక్క పాతబస్తీకి చేరుతుంది.

అక్కడ పని యిలా జరుగుతుంది. లక్కను బొగ్గుల కుంపటి మీద వేడిచేసి, సుద్దపొడి వంటిది కలిపి, పిండి పిసికినట్లు పిసుకుతారు. రంగు కలుపుతారు. ఆ ముద్దను కర్ర చివర పట్టించి, వేడి తగిలిస్తూ, పలక మీద దొర్లించి పొడుగాటి తీగెలా సాగదీస్తారు. కావలసినంత కత్తిరించి, రెండు కొసలూ వేడి మీదనే అతికి, కొయ్య అచ్చుకు యెక్కించి గుండ్రం చేస్తారు. చాలా రకాలకు లోపల సన్నని లోహపు కట్టు కూడా వుంటుంది. ఇంతవరకు అయినది ఉత్త గాజు మాత్రమే. దానికి విలువ తెచ్చేది తరువాతి పని. గాజును మళ్లీ సన్నని సెగ మీద మెత్తబరచి, మొన తేలిన సూదిలాంటి పనిముట్టుతో ఒక్కొక్క రాయినీ, ఒక్కొక్క అద్దం ముక్కనూ, ఒక్కొక్క పూసనూ యెత్తి దాని స్థానంలో నొక్కాలి. సెగ యెక్కువైతే గాజు వంగిపోతుంది. తక్కువైతే రాయి పట్టదు, నాలుగు రోజులకే రాలిపోతుంది. చల్లారే లోపుగా వరుస పూర్తి కావాలి. ఇందాక గచ్చు గూర్చి చెప్పిన మాట యిక్కడ గుర్తు చేసుకోండి. అక్కడ తడి ఆరే లోపు, యిక్కడ వేడి ఆరే లోపు.

ఈ రాళ్లు పొదిగే పనిలో ఆడవారి చేతులే యెక్కువ. పాతబస్తీ గల్లీలలో, రెండు గదుల యిండ్లలో, వంట అయిన తరువాత అదే కుంపటి దగ్గర కూర్చుని తల్లీ, కూతుళ్లూ, కోడళ్లూ చేసే పని యిది. దుకాణం నుంచి ఉత్త గాజులు, రాళ్ల పొట్లాలు యింటికి వస్తాయి. పొదిగిన గాజులు లెక్కపెట్టుకుని తీసుకుపోతారు. కూలి నెల జీతంగా కాదు, లెక్క మీద. గాజు విరిగితే ఆ నష్టం సాధారణంగా ఆమె మీదనే పడుతుంది. సెగకు వేళ్లు కాలుతాయి, పొగకు కళ్లు మండుతాయి, సన్నపు పనికి చూపు తగ్గుతుంది. ఇంత చేసినా ఆమెను యెవరైనా 'మీరేం పని చేస్తారమ్మా' అని అడిగితే 'నేనేం చేస్తానండీ, యింట్లోనే వుంటాను' అనే జవాబే తరచుగా వస్తుంది. ఆమె అనుకునేదీ అదే, జనాభా లెక్కల వారు వ్రాసుకునేదీ చాలాసార్లు అదే.

ఇక్కడ ఒక ప్రశ్న వున్నది. లక్కగాజు మీది నమూనాలు చార్మినార్ నుంచి వచ్చాయని గట్టిగా చెప్పగలమా? ఫలానా కమాను చూసి ఫలానా గాజు చేశామని వ్రాసిపెట్టిన ఉస్తాదు యెవరూ లేరు. నేటి దుకాణదారులు కొందరు ప్రతి గాజునూ 'నవాబుల కాలం డిజైను' అని అమ్ముతారు, అది వ్యాపారపు మాట. నా అభిప్రాయం యేమంటే, నమూనాల కంటే పని పద్ధతిలోనే అసలు చుట్టరికం వున్నది. చార్మినార్‌కు కొద్ది దూరంలో కుతుబ్‌షాహీల నాటి బాద్షాహీ ఆషూర్‌ఖానా వున్నది. దాని గోడల మీద రంగురంగుల మెరుగుపెంకులను ముక్కలుగా కోసి, పక్కపక్కన పేర్చి, పూలూ, ఆరు కోణాల గళ్లూ, అలములూ తీర్చారు. పసుపు, నీలం, పచ్చ రంగులు నాలుగు వందల యేండ్లయినా కళ తప్పలేదు. 1908 నాటి మూసీ వరదలో గోడల క్రింది భాగం దెబ్బతిన్నది. అక్కడ పెంకులకు బదులు రంగు పూసి సరిపెట్టారు. నిలబడి చూస్తే యేది పేర్చినదో, యేది పూసినదో తెలిసిపోతుంది. ముక్క ముక్క కలిపి పేర్చిన దానిలో వెలుతురు ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్క రకంగా పడుతుంది. లక్కగాజు అందం కూడా సరిగ్గా అదే. లాహోరు కోటలో షాజహాను కాలపు శీష్‌మహలులో అద్దాలు గచ్చులో పొదిగారు. మన పాతబస్తీ స్త్రీ అదే అద్దాన్ని లక్కలో పొదుగుతున్నది. ఆ గోడకు ఒక చక్రవర్తి ఖజానా వున్నది. ఈమెకు కుంపటి వున్నది.

కట్టడానికీ నగకూ మధ్య దగ్గర చుట్టరికం యింకా స్పష్టంగా చూడాలంటే బీదరు వెళ్లాలి. 1956 దాకా అది హైదరాబాదు సంస్థానపు జిల్లాయే. తరువాత కన్నడ రాష్ట్రంలో కలిసింది. బీదరు కోటలో రంగీన్ మహల్ అని వున్నది. పదహారో శతాబ్దంలో అలీ బరీద్ దానిని తీర్చిదిద్దించాడు. నల్లని రాతిలో గాడులు చెక్కి, ఆ గాడులలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగించాడు. నలుపు మీద తెలుపు, చీకట్లో చుక్కల్లా వుంటుంది. ఇక అదే ఊరి బిద్రీ పని చూడండి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, మైలుతుత్తం పూసి, నమూనా గీసి, ఉలితో గాడి తీసి, ఆ గాడిలో వెండితీగె కొట్టి కూర్చుతారు. ఆఖరున పాత కోట మట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. అక్కడ రాయి, యిక్కడ లోహం. అక్కడ చిప్ప, యిక్కడ వెండి. హుక్కా బుడ్లకూ, తమలపాకుల డబ్బాలకూ పరిమితమైన ఆ పని తరువాత గాజులకూ, గొలుసు బిళ్లలకూ, చొక్కా గుండీలకూ వచ్చింది. అయితే బిద్రీ పరంపరగా కార్ఖానాలో మగవారి చేతి పని. ఉస్తాదు పేరు చెప్పుకుంటారు, బహుమతులు వస్తాయి. లక్కగాజు యింటిలో ఆడవారి పని. పేరూ లేదు, బహుమతీ లేదు. పనితనంలో తేడా వుండి యిట్లా జరగలేదు. పని యెక్కడ కూర్చుని చేశారన్న దానిలోనే తేడా వున్నది.

చరిత్ర పుటలు తిరగవేస్తే ఆడవారి పేర్లు అసలే లేవని కాదు. మహమ్మద్ కులీ కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరు మీద హయత్‌నగర్ వున్నది, అక్కడ మసీదు వున్నది, గోలకొండ దగ్గర ఆమె సమాధి వున్నది. కట్టించిన స్త్రీ పేరు నిలిచింది. చేసిన స్త్రీ పేరు నిలవలేదు. ఇంకో మాట చెప్పాలంటే చార్మినార్ గచ్చు తీర్చిన మగవాళ్ల పేర్లు కూడా నిలవలేదు. ఆ విషయంలో గచ్చుపనివాడూ, గాజులు చేసే ఆమె తోబుట్టువులే.

ఇది పాతబస్తీ కష్టం మాత్రమే అనుకుంటే పొరపాటు. గోదావరి దాటితే మన నరసాపురం వున్నది. అక్కడి లేసు అల్లికలు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చి, తీరప్రాంతపు పల్లెలలో వేలాది యిళ్లకు పాకాయి. అల్లిన లేసు విదేశాలకు పోయేది. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు నరసాపురం వచ్చి పరిశోధన చేసి 1982లో పుస్తకం వ్రాశారు. ఆమె తేల్చిన సంగతి యేమంటే, రోజుకు ఆరేడు గంటలు అల్లే స్త్రీని సయితం వ్యాపారస్తులూ, ఊరివారూ, ఆఖరుకు ఆమె భర్తా 'తీరిక వేళ యేదో కాలక్షేపానికి అల్లుకునే గృహిణి' అని అనుకున్నారు. కాలక్షేపం అని పేరు పెడితే కూలి తక్కువ యివ్వడం సులువు. గోషా పాటించే యింటిలో గాజులు చేసే ముస్లిం స్త్రీకీ, ఆరుబయట వేపచెట్టు క్రింద లేసు అల్లే క్రైస్తవ, హిందూ స్త్రీకీ ఈ ఒక్క పేరే పెట్టారు. బందరు దగ్గర చిలకలపూడి రోల్డుగోల్డు నగలలోనూ యిళ్ల దగ్గర ఆడవారు చేసే పని తక్కువేమీ కాదు.

కూలి తక్కువైన పని యెప్పుడూ యింకా తక్కువ కూలికి దొరికే చేతులను వెతుక్కుంటుంది. ఆ చేతులు పసిపిల్లలవి. 2015 జనవరిలో హైదరాబాదు పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాలపై దాడులు జరిపి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. చాలామంది బీహారు నుంచి తెచ్చినవారు. గాలి వెలుతురు లేని గదులలో, లక్క పొగలో రోజంతా కూర్చోబెట్టి పని చేయించారు. మన ఆడపిల్ల పెళ్లికి కొన్న గాజు అలాంటి గదిలోంచి వచ్చి వుంటే అన్న ఆలోచన ఆ వార్త చదివిన చాలామందికి కలిగే వుంటుంది. నాకు కలిగింది. లాడ్ బజారులో నిజాయితీగా నడిచే దుకాణాలు వున్నాయి, యింటిల్లిపాదీ గౌరవంగా బ్రతికే కుటుంబాలు వున్నాయి. వారిని ఆ గాటన కట్టకూడదు. కాని కళ పేరు చెప్పి కార్ఖానా లోపలి సంగతి దాచరాదు.

లోకంలో మరోచోట యేం జరిగిందో కూడా కొంచెం చూద్దాం. కైరోలో ఖాన్ అల్‌ఖలీలీ అనే పాత బజారు వున్నది. మన లాడ్ బజారు వంటిదే, కాకపోతే యింకా పెద్దది. అక్కడి కంసాలి వీధిలో మగవారే పని నేర్చేవారు. 1969లో అజ్జా ఫహ్మీ అనే యువతి ప్రభుత్వోద్యోగం చేసుకుంటూనే ఆ వీధిలో ఒక ఉస్తాదు దగ్గర శిష్యురాలిగా చేరింది. పాత కైరో యిళ్ల కొయ్య జాలీలు, మమ్లూకుల మసీదుల నమూనాలు, అరబ్బీ అక్షరాలు వెండి బంగారాల మీదికి తెచ్చింది. నేడు ఆమె పేరే ఆ నగలకు పేరు. ఇక కాబూల్‌లో 2006లో టర్కాయిజ్ మౌంటెన్ అనే సంస్థ మొదలైంది. ఘోరీ సుల్తానుల రాజధాని ఫిరోజ్‌కోహ్‌ను తలచుకుని పెట్టిన పేరు అది. పాత మురాద్‌ఖానీ పేటలో యిళ్లు బాగు చేయించి, యువకులతో పాటు స్త్రీలకు కూడా నగల పని, రాళ్లు సానపట్టే పని నేర్పింది. ఈ రెండింటిలోనూ నేను చూచే విశేషం ఒక్కటే. అక్కడ నగ చేసిన స్త్రీ నమూనా గీయడం కూడా నేర్చుకుంది. మన వైపు నమూనా దుకాణం నుంచి వస్తుంది, రాయి మాత్రం ఆమె పెడుతుంది. గీత గీసే చెయ్యి బేరమాడగలదు. రాయి పెట్టే చేతికి ఆ అవకాశం తక్కువ.

ఇటీవలి ముఖ్యమైన సంగతి చెప్పి ముగిస్తాను. 2024 మార్చిలో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. అందుకు 2022లో దరఖాస్తు పెట్టినది క్రెసెంట్ హస్తకళాకారుల సంక్షేమ సంఘం. అదే సంవత్సరంలో మన నరసాపురం లేసుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది. రెండు శుభవార్తలూ పేపరులో వచ్చాయి, మనమూ సంతోషించాం. ఈ గుర్తింపు వచ్చిందంటే యిక మీదట యెక్కడో అచ్చు యంత్రంలో పోసిన ప్లాస్టిక్ గాజును హైదరాబాదు లక్కగాజు అని అమ్మరాదు. పదేళ్లకు ఒకసారి దానిని తిరగ వ్రాయించుకోవాలి.

అయితే దీనిలో చాలామందికి తెలియని మెలిక ఒకటి వున్నది. గుర్తింపు సంఘం పేరు మీద వచ్చినా, ఆ పేరును హక్కుగా వాడుకోవాలంటే ప్రతి ఉత్పత్తిదారూ అధీకృత వినియోగదారుగా విడిగా పేరు నమోదు చేయించుకోవాలి. మరి ఉత్పత్తిదారు యెవరు? 1999 నాటి చట్టం, అమలులోకి వచ్చినది 2003లో, హస్తకళల విషయంలో ఆ వస్తువును తయారుచేసే వ్యక్తి అని చెబుతుంది. అంతటితో ఆగక, ఆ సరుకుతో వ్యాపారం చేసే వ్యక్తి కూడా ఆ మాటలోకి వస్తాడని చెబుతుంది. అనగా రాళ్లు పొదిగే ఆమె కూడా ఉత్పత్తిదారే, గాజులు అమ్మే షావుకారు కూడా ఉత్పత్తిదారే. ఇద్దరికీ తలుపు తెరిచే వున్నది. షావుకారుకు వకీలు వుంటాడు, కాగితాలు వుంటాయి, ఆఫీసుకు పోయే తీరిక వుంటుంది. ఆమెకు తాను చేసేది పని అని చెప్పుకునే అలవాటే లేదు.

కేంద్ర ప్రభుత్వపు హస్తకళల శాఖ వారు పనివారికి గుర్తింపు కార్డులు యిస్తున్నారు, పెహచాన్ అని దాని పేరు. అది ఆమె పేరు మీదనే వస్తుంది, భర్త పేరు మీద కాదు. అది చేతిలో వుంటే పని చేసేది తానేనని చూపుకోవడానికి ఒక కాగితం వున్నట్లవుతుంది. మన ఊరి నుంచి పాతబస్తీకి ఆడపిల్లలను యిచ్చిన కుటుంబాలు వున్నాయి, అక్కడి నుంచి కోడళ్లను తెచ్చుకున్నవారూ వున్నారు. పండుగకు రాకపోకలు జరిగినప్పుడు, ఆ బంధువుల యింట యెవరైనా గాజుల పని చేస్తూ వుంటే, ఈ రెండు నమోదుల గూర్చి ఒక మాట వారి చెవిన వేయవచ్చును.